పాల పాకెట్టు, పెంటగొయ్యి, మొక్కజొన్న సంచి
(ప్రాథమిక సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో మా వంతు ఎదురుగా "మొక్కల నుండి తయారగు ప్లాస్టిక్కులు - వాటి భవిష్యత్తు" అని అచ్చువేశారు. ఇది చూసి మీలో కొందరు నవ్వుకొని ఉంటారు. మేము రసాయన శాస్త్రం చదివిన వాళ్ళం కాము. మాకున్నది సహకార డిప్లొమా. ఉద్యోగమంతా ఓచర్లు, స్టాకు రిజిష్టర్లు, మినిట్సు పుస్తకాలతోనే గడిచింది. అయినా ఈ విషయం మేమే అడిగి తీసుకున్నాం. దానికి కారణం ఒక ఓచరు. దాని సంగతి కాసేపాగి మనవి చేస్తాం.

ముందు మన ఇంటి లెక్క చూసుకుందాం. ఉదయం సంఘం తలుపు తీసినది మొదలు ఎంత ప్లాస్టిక్కు మన చేతుల మీదుగా పోతున్నదో ఎప్పుడైనా గమనించారా? దాణా వచ్చేది నేసిన ప్లాస్టిక్కు గోతాల్లో. ఖనిజ లవణ మిశ్రమం వచ్చేది ప్లాస్టిక్కు సంచిలో. పట్నం చేరిన తరువాత మన పాలు పాకెట్టులోకి, పెరుగు కప్పులోకి, నెయ్యి సాచెట్టులోకి పోతాయి. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన నాటికి పట్నాల డెయిరీలు పాలను గాజు సీసాల్లో అమ్మేవి. సీసా బరువు, పగిలితే నష్టం, తిరిగి తేవడం, వేడినీళ్ళతో కడగడం - ఈ బాధలన్నీ పాలిథిన్ పాకెట్టు తీర్చింది. పల్లెలో పితికిన పాలు వందల కిలోమీటర్ల అవతల ఇంటి గుమ్మం ముందుకు చౌకగా చేరుతున్నాయంటే అందులో పాకెట్టు పాత్ర ఉన్నది. దాన్ని తిట్టడానికి మేము ఇక్కడికి రాలేదు.

అర లీటరు పాకెట్టు ఖాళీ చేసి తూచితే రెండు, రెండున్నర గ్రాములు ఉంటుంది. ఒక్కదాన్ని చూస్తే ఏమీ లేదు. రోజుకు లక్ష లీటర్లు అమ్మే డెయిరీ అంతా అర లీటరు పాకెట్లలోనే అమ్మిందనుకోండి, రెండు లక్షల పాకెట్లు. అంటే దాదాపు అయిదు క్వింటాళ్ళ ప్లాస్టిక్కు ఒక్క రోజులో. పాలు సాయంత్రానికి తాగేస్తారు. ప్లాస్టిక్కు మాత్రం మనుమల కాలం దాకా ఉంటుంది.

ఇక కొత్త రకం ప్లాస్టిక్కు సంగతి. ఇది మనకు బొత్తిగా తెలియని వస్తువు కాదు. పాలు తోడుకొని పెరుగయినప్పుడు పులుపు ఎక్కుతుంది గదా, ఆ పులుపు లాక్టిక్ ఆమ్లం. 1780లో షీలే అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు దాన్ని పులిసిన పాల నుంచే వేరు చేశాడు. పేరులోనే పాలు ఉన్నాయి. ఈనాడు మొక్కల ప్లాస్టిక్కుల్లో అందరి నోటా వినిపించే 'పి.ఎల్.ఏ.' అనేది ఈ ఆమ్లాన్నే గొలుసులు గొలుసులుగా కలిపి చేసిన పదార్థం. మొక్కజొన్న పిండినో, చెరకు చక్కెరనో పెద్ద తొట్టెల్లో పులియబెడతారు. పులియబెట్టే సూక్ష్మజీవులు మన ఇంటి తోడు చుక్కలో ఉండేవాటి బంధువులే. పులుపు మరీ ఎక్కువైతే ఆ జీవులే పనిచేయడం మానేస్తాయి గనక మధ్య మధ్య సున్నం కలిపి పులుపు విరుస్తారు. తరువాత ఆమ్లాన్ని శుద్ధిచేసి, నీటిని తీసివేసి, గొలుసు కట్టి గింజలుగా చేస్తారు. ఆ గింజల నుంచే కప్పులు, పళ్ళాలు, పొరలు వస్తాయి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో బ్లెయిర్ అనే ఊళ్ళో ఏడాదికి 1,50,000 టన్నుల సామర్థ్యం గల కర్మాగారం మొక్కజొన్నతో నడుస్తున్నది. థాయిలాండులోని రయోంగ్‌లో 75,000 టన్నుల కర్మాగారం చెరకుతో నడుస్తున్నది.

అంతకు ముందరి ముచ్చట మరొకటి ఉన్నది. పాలవాళ్ళం గనక చెప్పకుండా ఉండలేము. వందేళ్ళ కిందట లోకం వాడిన ప్లాస్టిక్కుల్లో ఒకటి అచ్చంగా పాల ప్లాస్టిక్కే. వెన్న తీసిన పాలను విరిచి, వచ్చిన కేసీన్‌ను గట్టిగా అదిమి, ఫార్మలిన్‌లో రోజుల తరబడి నానబెట్టేవారు. కొమ్ములాగా, దంతంలాగా గట్టిపడేది. 1890ల చివర జర్మనీలో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. గలలిత్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో గల అంటే పాలు, లిథోస్ అంటే రాయి; మన మాటల్లో పాలరాయి అన్నమాట! చొక్కా గుండీలు, దువ్వెనలు, కలాలు, అల్లిక సూదులు దానితో చేశారు. ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరు ఈ పరిశ్రమకు పేరుపొందింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పెట్రోలియం ప్లాస్టిక్కులు చౌకగా వచ్చిపడి దీన్ని వెనక్కి నెట్టేశాయి. ఫార్మలిన్ అంటే మీకు మేము చెప్పనక్కరలేదు. నమూనా సీసాలో వేసి పాలు విరగకుండా ఉంచేది, కల్తీదారు క్యానులో వేసి జైలుకు పోయేది అదే. పాలు పోసి ప్లాస్టిక్కు చేయడం ఈనాడు గిట్టుబాటు కాదు. గిట్టుబాటు అయినా పిల్లల నోటి దగ్గరి పాలను గుండీలు చేయమని మేము తీర్మానం రాయలేము.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. చిక్కంతా పేర్లలో ఉన్నది. మొక్కల నుంచి వచ్చిన ప్లాస్టిక్కు అంటే కుళ్ళి మట్టిలో కలిసేదని మనం అనుకుంటాం. అది తప్పు. బ్రెజిల్ దేశంలో 2010 నుండి చెరకు ఆల్కహాలుతో పాలిథిన్ చేస్తున్నారు. ఏడాదికి రెండు లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలుపెట్టారు. దాని పుట్టుక చెరకు తోటలోనే గాని, గుణం మాత్రం మన పాల పాకెట్టు గుణమే. వందేళ్ళు పడి ఉన్నా కుళ్ళదు. మరోవైపు పి.బి.ఏ.టి. అనే మెత్తని రకం ఉన్నది. అది ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది. అయినా తగిన వేడి, తడి, సూక్ష్మజీవులు ఉంటే ఎరువులో కలిసిపోతుంది. బజారులో "మొక్కజొన్న సంచి" అని అమ్మేవాటిలో సాధారణంగా ఈ పి.బి.ఏ.టి.తో బాటు కొంత పిండి పదార్థమో, కొంత పి.ఎల్.ఏ.నో కలిపి ఉంటుంది. దేనితో పుట్టింది అన్నది ఒక ప్రశ్న, ఎట్లా పోతుంది అన్నది వేరొక ప్రశ్న. గేదె ఏ జాతిదో అడగడం, ఎన్ని లీటర్లిస్తుందో అడగడం ఒకటి కానట్లే ఇదీను.

మూడవ రకం ఒకటి ఉన్నది. అది మోసానికి చుట్టం. మామూలు పాలిథిన్‌లోనే కోబాల్టు, మాంగనీసు, ఇనుము వంటి లోహాల లవణాలు కాసిని కలిపి, ఎండకు పెళుసెక్కి పొడి అయ్యేటట్లు చేస్తారు. కంటికి కనిపించకుండా పోతుంది గనక మట్టిలో కలిసిపోయిందని చెబుతారు. నిజానికి ఒక పెద్ద సంచి లక్ష చిన్న ముక్కలయిందంతే. యూరోపు దేశాల కూటమి 2019లో చట్టం చేసి, 2021 జులై నుండి ఈ రకాన్ని అమ్మకుండా నిషేధించింది.

ఇప్పుడు ఆ ఓచరు సంగతి చెబుతాం.

కోస్తాలో ఒక సంఘం. ఊరు పేరు చెప్పం. సభ్యులు నూట నలభై మంది. కార్యదర్శి చురుకైన కుర్రవాడు, లెక్కలు అద్దంలా ఉంచుతాడు. 2022 జులై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్కు వస్తువులు కొన్నింటిని కేంద్రం నిషేధించింది గదా. ఆ ఊపులో పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చి, ఆకుపచ్చ సంచులు చూపించాడు. దాని మీద ఆకు బొమ్మ, ఆవు బొమ్మ ఉన్నాయి. "మొక్కజొన్నతో చేసింది, పశువు తిన్నా అరిగిపోతుంది" అన్నాడు. ఖనిజ మిశ్రమం, చిట్టూ విడిగా కట్టి ఇవ్వడానికని పాలకవర్గం 60 కిలోలు కొన్నది. కిలో 310 రూపాయల చొప్పున 18,600 రూపాయలు. తీర్మానం ఉన్నది, కొటేషన్లు ఉన్నాయి, స్టాకు రిజిష్టరులో జమ ఉన్నది. తనిఖీకి వెళ్ళిన మేము ధర సరిచూసి, కూడిక సరిచూసి, ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టి ముందుకు సాగాం.

మరుసటి ఎండాకాలంలో ఆ సంఘంలో ఒక సభ్యురాలి గేదె నెమరు మానింది. రెండవ ఈత ముర్రా గేదె, పూటకు నాలుగు లీటర్లిచ్చేది. కడుపు ఉబ్బింది, మేత మానింది, పదకొండవ నాటికి పడిపోయింది. పశువుల డాక్టరు గారు కోసి చూస్తే పెద్ద పొట్టలో తాళ్ళు, సంచులు, గుడ్డపీలికలు ముద్దగా చుట్టుకొని ఉన్నాయి. అందులో ఆకు బొమ్మ సంచులూ ఉన్నాయి. కడిగితే బొమ్మ చక్కగా కనిపించింది. ఆ సంచుల వల్లనే చచ్చిందని డాక్టరు గారు రాయలేదు. అన్నీ కలిసి దారి మూశాయని రాశారు. న్యాయం చెప్పాలంటే అదే నిజం. బీమా రెన్యువల్ ఆ సంవత్సరం తప్పిపోయింది.

మేము తరువాతి నెల తనిఖీకి వెళ్ళినప్పుడు ఆమె సంఘం అరుగు మీదికి వచ్చి కూర్చున్నది. కేకలు వేయలేదు. "అయ్యా, వేరే సంచులైతే నేను ఏరి తగలబెడుతూనే ఉంటానండీ. ఇది తిన్నా ఏం గాదని సొసైటీలో చెప్పబట్టే గదండీ కుడితి తొట్టి పక్కన పడేసిందీ" అన్నది. కార్యదర్శి తల వంచుకున్నాడు. ఓచరు మీద టిక్కు పెట్టిన మేము కూడా తల వంచుకోవలసినదే. ఆ సంచి అమ్మడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్టు ఉండాలనే నిబంధన అప్పటికే ఉన్నది. మేము అడిగింది బిల్లు మాత్రమే, సర్టిఫికెట్టు అడగలేదు.

ఈ బాధ కొత్తది కాదు. పశువుల కడుపుల్లోని ప్లాస్టిక్కు గురించి పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వారు 2012లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. పొట్ట కోసి కిలోల కొద్దీ తీసిన దృశ్యాలు చూసినవారు మళ్ళీ మరచిపోలేరు. కాని "తిన్నా ఏం కాదు" అనే మాట కొత్తది, అందుకే ఎక్కువ ప్రమాదకరం.

సర్టిఫికెట్టు ఉన్న నిజమైన కంపోస్టు సంచి అయినా పశువు తినడానికి చేసింది కాదని గట్టిగా మనవి చేస్తున్నాం. ఎందుకో చూడండి. ఈ సంచులకు మన దేశంలో పెట్టిన ప్రమాణం ఐ.ఎస్./ఐ.ఎస్.ఓ. 17088. దాని ప్రకారం పరీక్ష జరిపేది సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వేడిలో, తడి, గాలి తగిన పాళ్ళలో ఉన్న కంపోస్టులో. అట్లా ఉంచితే 12 వారాల్లో ముక్కలై జల్లెడ దిగిపోవాలి, 180 రోజుల్లోపు అందులోని కర్బనం నూటికి తొంభై వంతులు సూక్ష్మజీవులు తిని గాలిలోకి వదలాలి. గేదె పొట్టలో వేడి ఎంత? 39 డిగ్రీల దరిదాపు. గాలి లేదు. పన్నెండు వారాలు ఆగే గేదె లేదు. సంచి కరగక ముందే ముద్దకట్టి అడ్డం పడుతుంది.

ఈ పరీక్షల మాట పుస్తకాల్లో చదివి ఊరుకోబుద్ధి కాలేదు. 2023 దసరాకు ఆ సంఘం పెంటగొయ్యిలోనే మేము, కార్యదర్శి కలిసి ఒక ప్రయత్నం చేశాం. పాత చేపల వల ముక్కల్లో అయిదు వస్తువులు విడివిడిగా కట్టి, తాడు చివర కర్రకు ముడివేసి, మూరెడు లోతున పూడ్చాం. ఒకటి ఆ ఆకు బొమ్మ సంచి. రెండు, సర్టిఫికెట్టు ఉన్న కంపెనీ నుంచి తెప్పించిన కంపోస్టు సంచి. మూడు, పి.ఎల్.ఏ. గ్లాసు. నాలుగు, మన పాల పాకెట్టు. అయిదు, మోదుగాకు విస్తరి. ఆకు బొమ్మ సంచిలో మరొక ముక్కను పశువుల కొట్టం మీద ఎండలో కట్టాం.

సంక్రాంతికి తవ్వి చూస్తే విస్తరిలో ఈనెలు మాత్రం మిగిలాయి. కంపోస్టు సంచి పట్టుకుంటే చిరిగిపోతున్నది. గ్లాసు గ్లాసులాగే ఉన్నది. ఉగాదికి కంపోస్టు సంచి నాలుగైదు పేలికలయింది. మరుసటి దసరాకు వెతికినా కనబడలేదు. గ్లాసు మాత్రం తెల్లబారి, ఒక పక్క బీట తీసింది గాని మంచినీళ్ళు పోస్తే ఇంకా నిలిచేటట్లే ఉన్నది. గొయ్యి నడుమ వేడి పుట్టినా, మన ఊళ్ళలో ఎవరూ తిరగవేయరు, తడుపు సరిగా ఉండదు. 58 డిగ్రీలు వారాల తరబడి నిలవవు. మన పాకెట్టు మీద "చల్లగా ఉంచండి" అన్న అక్షరాలు కూడా చెరగలేదు. ఆకు బొమ్మ సంచి గొయ్యిలో చెక్కుచెదరలేదు. కొట్టం మీది ముక్క మాత్రం ఎండాకాలానికి రేకులు రేకులుగా రాలింది. ఆ వ్యాపారి అందరికీ చూపించిన "కరగడం" ఇదేనని అప్పుడు తెలిసింది. ఒక్క గొయ్యి, ఒక్క ఊరు. దీన్ని శాస్త్రమని మేము అనం. కాని మా కళ్ళతో చూసినది ఇది.

మీకు ఉపయోగపడే చిన్న పరీక్ష ఒకటి చెబుతాం. సంచి నుంచి రూపాయి బిళ్ళంత ముక్క కత్తిరించి, సబ్బు నీళ్ళలో రుద్ది గాలి బుడగలు పోగొట్టి, గ్లాసెడు నీళ్ళలో అడుగుకు నొక్కి వదలండి. పాలిథిన్ నీటికన్న తేలిక, పైకి తేలుతుంది. కంపోస్టు రకాలు నీటికన్న బరువు, మునుగుతాయి. ఆకు బొమ్మ సంచి బెండులాగా తేలింది. అయితే సుద్దపొడి దట్టించిన పాలిథిన్ కూడా మునగగలదు. కాబట్టి తేలితే తిరగ్గొట్టండి, మునిగినంత మాత్రాన నమ్మకండి. లాక్టోమీటరు సంగతి మీకు తెలిసిందే గదా. రీడింగు బాగుందని పాలు మంచివని సంతకం పెట్టేస్తామా? నమ్మవలసినది సంచి మీద ముద్రించిన "కంపోస్టబుల్" అన్న మాటను, తయారీదారు పేరును, సర్టిఫికెట్టు సంఖ్యను. ఆ సంఖ్యను కాలుష్య నియంత్రణ మండలి జాబితాతో సరిచూడాలి. పెద్ద మొత్తంలో కొనేవారు హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఉన్న సీపెట్ సంస్థను సంప్రదించవచ్చును.

మరి మన పాల పాకెట్టునే ఈ రకంతో చేయవచ్చు గదా అని గత తరగతిలో ఒక అధ్యక్షులు గారు అడిగారు. మంచి ప్రశ్న. లెక్క వేద్దాం. ఇవి ఇవాళ్టి ధరలని కాదు, లెక్క తీరు తెలియడానికి. పాలిథిన్ పొర కిలో 160 రూపాయలు అనుకుందాం. కిలోకు 400 పాకెట్లు వస్తే పాకెట్టుకు 40 పైసలు. కంపోస్టు రకం సాధారణంగా రెండు మూడు రెట్లు ఖరీదు. 400 రూపాయలు అనుకుందాం. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. బరువు ఎక్కువ గనక అంతే మందం పొరకు కిలోకు 400 కాదు, 295 పాకెట్లే వస్తాయి. పాకెట్టుకు 1 రూపాయి 36 పైసలు. తేడా 96 పైసలు. లీటరుకు 1 రూపాయి 92 పైసలు. రోజుకు 500 లీటర్లు పోసే సంఘం తరఫున ఈ తేడా ఏడాదికి 3,50,400 రూపాయలు. మీ సంఘం కిందటి సంవత్సరం పంచిన బోనస్ ఎంతో గుర్తు తెచ్చుకోండి. ఈ సొమ్ము వినియోగదారుడు ఇస్తాడా, సమాఖ్య భరిస్తుందా, పాలు పోసే సభ్యుని ధరలో కోత పడుతుందా అన్నది తేలకుండా పాకెట్టు మార్చుదామని ఎవరు తీర్మానం పెట్టినా మేము ఒప్పుకోం.

ధర ఒక్కటే కాదు. పి.ఎల్.ఏ. పెళుసు. పి.బి.ఏ.టి. మెత్తన. రెండూ కలిపి పాకెట్టు యంత్రం మీద పరుగెత్తించి, అతుకు వేసి, ట్రేల్లో విసిరినా పగలకుండా చేయడం సాధ్యమే గాని సులువు కాదు. లీకేజి పాకెట్లు నూటికి ఒకటి పెరిగితే చాలు, రాత్రి డ్యూటీ సూపర్‌వైజరుకు నిద్ర ఉండదు. పొర చుట్టలు గోడౌనులో ఎక్కువ కాలం ఆగవు. వేడికి, తేమకు బలం తగ్గుతుంది. మన రోహిణి కార్తెలో రేకుల గోడౌను సంగతి వేరే చెప్పాలా? ఇంకొకటి. ఇప్పటి పాకెట్టు ఒకే రకం పాలిథిన్ గనక పాతసామాన్లవాడు కొంటాడు, కరిగించి మళ్ళీ వాడతారు. అందులో కంపోస్టు రకం కలిసిందంటే ఆ ముద్ద అంతా చెడుతుంది. పాకెట్టును మార్చడం కన్న తిరిగి రాబట్టడం మేలని మా అభిప్రాయం. 2018లో మహారాష్ట్ర పాల పాకెట్ల మీద 50 పైసలకు తగ్గని తిరిగి కొనుగోలు ధర ముద్రించమన్నది. 2022 ఫిబ్రవరి మార్గదర్శకాల తరువాత ప్లాస్టిక్కులో సరుకు అమ్మే సంస్థలకు ఆ ప్లాస్టిక్కును వెనక్కి రాబట్టే బాధ్యత ఖాయమయింది. మన ఇంట్లో మనం చేయగలిగినది, పాకెట్టు మూలను పూర్తిగా తుంచి పారవేయకుండా చీలిక మాత్రం చేయడం. ఆ తుంచిన గోరంత ముక్కను ఏ పాతసామాన్లవాడూ ఏరడు. మా ఇంట్లో ఈ అలవాటు మాన్పించడానికి ఆరు నెలలు పట్టింది.

మొక్కజొన్న మాట కూడా అనుకోవాలి. మన దాణాలో మొక్కజొన్న ఉన్నది. పి.ఎల్.ఏ. కిలోకు రెండున్నర కిలోల దాకా మొక్కజొన్న పడుతుందని లెక్క. ప్రపంచంలో పండే పంటతో పోలిస్తే ఇప్పుడు ప్లాస్టిక్కుకు పోయేది బహు స్వల్పం. అందువలన దాణా ధర పెరిగిందనడం అన్యాయం. కాని ఇథనాలుకు మళ్ళించినందువలన ఏమయిందో చూశాం. ఎగుమతి చేసే మన దేశం 2024లో మొక్కజొన్న దిగుమతి చేసుకొనే స్థితికి వచ్చింది, కోళ్ళ రైతులు గగ్గోలు పెట్టారు. పండించే రైతుకు మాత్రం ధర వచ్చింది; ఆ రైతూ మన సభ్యుడే కావచ్చు. కర్మాగారాల నుంచి వచ్చే పిప్పి, మొలక చెక్క మళ్ళీ దాణాలోకి వస్తాయి. చెరకు పిప్పి, వరిగడ్డి వంటివాటి నుంచి చక్కెర తీసి ప్లాస్టిక్కు చేసే మార్గం బలపడితే మనకు ఈ బెంగ తగ్గుతుంది. అయితే వరిగడ్డి కూడా మన పశువుల మేతే గదా!

ఇక పెరుగుదల ఎంత? 2024లో ప్రపంచమంతటా మొక్కల ప్లాస్టిక్కులు, కంపోస్టు ప్లాస్టిక్కులు అన్నీ కలిపి తయారుచేయగల శక్తి సుమారు 24.7 లక్షల టన్నులని యూరోపియన్ బయోప్లాస్టిక్స్ సంఘం లెక్క. 2029కి 57 లక్షల టన్నులకు చేరుతుందని వారి అంచనా. వినడానికి పెద్దదే. కాని మొత్తం ప్లాస్టిక్కు ఏటా 40 కోట్ల టన్నులకు పైమాట. నూటికి అర వంతు. మన దేశంలో బలరాంపూర్ చక్కెర మిల్లుల వారు ఉత్తరప్రదేశ్‌లో చెరకుతో పి.ఎల్.ఏ. చేసే కర్మాగారం పెడుతున్నట్లు 2024లో ప్రకటించారు. చక్కెర మిల్లు ప్రక్కనే ప్లాస్టిక్కు మిల్లు అంటే, సహకార చక్కెర కర్మాగారాల చరిత్ర తెలిసిన మాబోటివాళ్ళకు కొంత ఆశ, కొంత భయం కలుగుతాయి.

ఎక్కడ ఇవి పనికివస్తాయో ఇటలీ చూపించింది. 2011 నుండి అక్కడ కంపోస్టు కాని తేలిక సంచులను ఆపారు. మిలాన్ నగరం 2012లో వంటింటి చెత్తను విడిగా సేకరించడం మొదలుపెట్టి, ఆ చెత్త ఉన్న సంచితో సహా కంపోస్టు కర్మాగారానికి పంపింది. అక్కడ సంచితో బాటు సంచి చేరవలసిన చోటు కూడా ఉన్నది. మన దగ్గర 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదానికి హైదరాబాదు రక్షణ పరిశోధన ప్రయోగశాల వారు రూపొందించిన సంచులు ప్రవేశపెట్టారు. ఒకే కొండ, ఒకే యాజమాన్యం. అటువంటి చోట చెత్తను తిరిగి పట్టుకోవచ్చును. డెయిరీ క్యాంటీన్లు, శిక్షణ కేంద్రాల భోజనశాలలు, నారు పెంచే సంచులు - ఇక్కడ మొదలుపెట్టవచ్చునని మా సలహా. సర్వసభ్య సమావేశం భోజనాలకు మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కరలేని విస్తరి ఉండనే ఉన్నది. గిరిజన స్త్రీలు కుట్టిన అడ్డాకుల విస్తళ్ళు తెప్పిస్తే నాలుగు రూపాయలు వాళ్ళకూ చేరుతాయి.

మన పనీరు నీళ్ళ గురించి ఒక్క మాట. పనీరు విరిచిన తరువాత మిగిలే నీటిలో నూటికి నాలుగున్నర, అయిదు వంతులు పాల చక్కెర ఉంటుంది. దాన్ని కాలువలో వదిలితే కాలుష్యం. ఆ చక్కెరను సూక్ష్మజీవులకు మేపి వాటి ఒంట్లో ప్లాస్టిక్కు కొవ్వులాగా పెరిగేటట్లు ప్రయోగశాలల్లో చేశారు. అటువంటి పదార్థాన్ని 1926 నాటికే లెమోయిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. ఇది మట్టిలోనూ, నీటిలోనూ తేలికగా కరుగుతుంది. కాని ఖరీదు ఎక్కువ, పనీరు నీళ్ళు మోసుకుపోవడానికే సగం ఖర్చు. ఒక పెద్ద డెయిరీ తన ఆవరణలోనే చేస్తే చేయవచ్చునేమో. అది మా రిటైర్‌మెంటు తరువాతి మాట.

ప్రస్తుతానికి మీ సంఘాల్లో మూడు పనులు జరగాలని కోరుతున్నాం. కంపోస్టు సంచి కొన్న ప్రతి ఓచరుకూ సర్టిఫికెట్టు నకలు జతపరచండి. లేనిదే ఈసారి మేము టిక్కు పెట్టం, ఆక్షేపణ రాస్తాం. సంచి మీద ఆవు బొమ్మ ఉంటే సరుకు వెనక్కి పంపండి. ఖనిజ మిశ్రమం విడిగా ఇచ్చేటప్పుడు సభ్యులను ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోమనండి. ఆ ఊళ్ళో ఇప్పుడు అదే జరుగుతున్నది. పాలకవర్గం ఆ సభ్యురాలికి గేదె కొనడానికి బ్యాంకు అప్పు ఇప్పించి, వడ్డీలో కొంత సంక్షేమ నిధి నుండి భరించింది. కొత్త గేదె పోయిన కార్తీకంలో ఈనింది.

పి.ఎల్.ఏ. గ్లాసును మళ్ళీ గోతిలోనే పూడ్చాం. ఈసారి పెంటను నెలకొకసారి తిరగవేస్తున్నారు. అయిదు వస్తువుల్లో మిగిలినవాటిని సీసాల్లో పెట్టి తెచ్చాం, ఆ చివరి బల్ల మీద ఉన్నాయి. టీ తాగుతూ చూడండి.